జర్మనీలో ప్రొఫెసర్ అవుతానంటున్న మెకానిక్ కొడుకు

ప్రశ్న: నేను ఆర్టీసీ డిపో గ్యారేజీలో ఇరవై రెండేళ్లుగా మెకానిక్‌గా పనిచేస్తున్నాను. మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. వునిబాల్డ్ కామ్ అనే జర్మన్ ప్రొఫెసర్ గురించి చదివాడట. తానూ జర్మనీ వెళ్లి ఎంఎస్, పీహెచ్‌డీ చేసి వాహన ఇంజనీరింగ్ ప్రొఫెసర్ అవుతానంటున్నాడు. అందుకు ఇరవై లక్షలు అప్పు చేయాలి. బంధువులేమో మెకానికల్‌కు కాలం చెల్లింది, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటున్నారు. ఆ కామ్ ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసింది టైర్లూ బ్రేకులూ. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: అయ్యా, కామ్ గారికి తెలిసింది కూడా టైర్లూ బ్రేకులే. అందుకని ముందు ఆయన సంగతి మీకు చెప్పి, ఆ తర్వాత అప్పు సంగతికి వస్తాను. మీ అబ్బాయి ఆయన జీవితంలో ప్రొఫెసర్ అయిన తర్వాతి భాగం శ్రద్ధగా చదివి, అంతకు ముందుది వదిలేసినట్టు అనిపిస్తోంది. మీకు కావలసినదంతా ఆ వదిలేసిన భాగంలోనే ఉంది.

కామ్ 1893లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో పుట్టారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయంలో మెకానికల్ చదివారు, డాక్టరేట్ కూడా పొందారు. అలాగని కాలేజీనే అంటిపెట్టుకుని కూర్చోలేదు. డైమ్లర్ కంపెనీలో రేసు కార్ల మీద పనిచేశారు. తర్వాత 1920ల నడుమ మరో కంపెనీ కోసం ఒక చిన్న కారు తయారుచేశారు. ఆ రోజుల్లో కారంటే కింద బరువైన ఛాసిస్, దాని మీద బాడీ, వెనక చక్రాలకు డ్రైవ్. కామ్ గారి కారుకు ముందు చక్రాలే లాగుతాయి, బాడీ అల్యూమినియం, విడిగా ఛాసిస్ లేదు. అంటే ఇవాళ మన వీధుల్లో తిరిగే చిన్న కార్లకున్న ఏర్పాటు దాదాపు వందేళ్ల ముందే. అలాంటివి మూడు బళ్లు తయారయ్యాయి. ఆ పైన కంపెనీ దాన్ని మార్కెట్లోకి తేలేదు. ఒక బండి ఇప్పటికీ మ్యూనిక్‌లోని సాంకేతిక మ్యూజియంలో ఉంది.

చేసిన కారు అమ్మకానికి రాకపోవడం చిన్న దెబ్బ కాదు. ఆ తర్వాత ఆయన బెర్లిన్ దగ్గరి అడ్లర్స్‌హోఫ్‌లో విమాన పరిశోధన సంస్థకు వెళ్లి కొన్నేళ్లు ఇంజన్ల పని చూశారు. ఇంత తిరిగాక, 1930లో స్టుట్‌గార్ట్‌లో వాహన ఇంజనీరింగ్ పీఠం, అంటే ఆ విభాగానికి పెద్దగా ఉండే ప్రొఫెసర్ పదవి, ఆయనకు దక్కింది. అదే ఏడు అక్కడ వాహనాల కోసం, ఇంజన్ల కోసం ఒక పరిశోధన సంస్థను స్థాపించారు. దాని జర్మన్ పేరు పొడవైనది, అందరూ ఎఫ్‌కేఎఫ్‌ఎస్ అంటారు. ఇప్పటికీ నడుస్తోంది. అప్పటికి ఆయన వయసు 37. రేసు కార్లు, అమ్ముడుపోని కారు, విమానం ఇంజన్లు, వీటి తర్వాతే ప్రొఫెసర్ కుర్చీ. మీ అబ్బాయి ప్రణాళికలో ఈ మూడింటి బదులు మూడు సర్టిఫికెట్లున్నాయి.

ఇప్పుడు ఒక పని చేయండి. గ్యారేజీ నేల మీద మేకు పెట్టి, దానికి ఐదడుగుల తాడు కట్టి, సుద్దముక్కతో గుండ్రంగా గీయండి. జర్మనీలో వాహన విద్యార్థులందరికీ ఇది 'కామ్ వలయం' అనే పేరుతో తెలుసు. ఒక టైరుకు రోడ్డు మీదున్న మొత్తం పట్టు ఈ వలయం అనుకోండి. బండి బ్రేకు వేస్తే ఆ పట్టులో కొంత వెనక్కి లాగడానికి పోతుంది. మలుపు తిరిగితే కొంత పక్కకు పోతుంది. రెండూ ఒకేసారి కావాలంటే రెండూ కలిసి వలయం దాటకూడదు. మధ్య నుంచి వెనక్కి నాలుగడుగులు కొలవండి, అది బ్రేకు. అక్కడి నుంచి పక్కకు కొలిస్తే గీత దాకా సరిగ్గా మూడడుగులు వస్తుంది, అది మలుపు. మూడు, నాలుగు, ఐదు – ఇల్లు కట్టే మేస్త్రీ మూలమట్టం చూసే లెక్కే. ఐదులో నాలుగు పాళ్లు బ్రేకుకు పోతే మలుపుకు ఒక పాలే మిగులుతుందని మనం అనుకుంటాం. కాదు, మూడు పాళ్లు మిగులుతుంది. కానీ ఐదుకు ఐదూ బ్రేకుకే వాడితే మలుపుకు మిగిలేది సున్నా. చక్రం బిగిసిపోయాక స్టీరింగ్ ఎంత తిప్పినా బస్సు ఎందుకు నేరుగానే పోతుందో తిరుమల ఘాట్‌లో దిగిన డ్రైవర్‌ని అడగండి. కారణం మీ సుద్ద గీతలో కనబడుతుంది.

ఎండిన తారు రోడ్డు మీద ఈ పట్టు మామూలుగా చక్రం మీది బరువులో 0.7, 0.8 వంతు ఉంటుంది. వాన పడితే 0.5 దగ్గరికి దిగుతుంది. అంటే ఐదడుగుల తాడు మూడడుగులకు కాస్త పైన ఉంటుందంతే. నీళ్లు నిలిచి, టైరు అరిగి దాని మీది గాడులు పోయి ఉంటే ఇంకా పొట్టిదవుతుంది. (నిజానికి టైరుకు నిలువు పట్టూ అడ్డం పట్టూ సమానంగా ఉండవు కాబట్టి అది కొంచెం కోడిగుడ్డు ఆకారం. మీ అబ్బాయి ఈ మాట మీకు చెప్పి దిద్దితే సంతోషించండి.) ఈ రోజు బళ్లలో చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, జారకుండా చూసే కంప్యూటర్లు అన్నీ ఈ వలయం అంచు లోపల ఉండడానికి చేసే ప్రయత్నాలే.

ఆయన పేరు నిలిచిన రెండో సంగతి బండి తోక. గాలిని తక్కువ కష్టంతో చీల్చుకుపోయే ఆకారం నీటిబొట్టు అని అప్పటికే తెలుసు. ముందు గుండ్రంగా, వెనక పొడవుగా సన్నబడుతూ పోవాలి. అలా కడితే బస్సు తోక ఎంత పొడవుండాలో ఊహించండి, డిపోలో పెట్టడానికి చోటుండదు. రైన్‌హార్డ్ ఫన్ కోనిగ్-ఫాక్సెన్‌ఫెల్డ్ అనే ఆయనా, కామ్ గారూ 1930లలో ఈ చిక్కు మీద పనిచేశారు. వెనకభాగం మెల్లగా వాలుతున్నంతవరకు గాలి బండి ఒంటిని అంటిపెట్టుకుని జారుతుంది. కొంతదూరం అలా వాల్చి, మిగతా తోకను నిలువుగా కోసేస్తే నష్టం పెద్దగా లేదు. నీటిబొట్టు లాభంలో ఎక్కువ భాగం దక్కుతుంది, బండి పొడవూ పెరగదు. ఈ పనిలో బస్సులూ ఉన్నాయి, అందుకే మీకు ఇంత వివరంగా చెబుతున్నాను. కోత తోకకు 'కామ్ తోక' అని పేరొచ్చింది గానీ ఆలోచనలో ఫాక్సెన్‌ఫెల్డ్ వాటా గట్టిది. పీఠం ఉన్నవాడి పేరే నిలుస్తుంది, పరిశోధన లోకంలో ఇదొక రివాజు. మీవాడు ఎవరి దగ్గరైనా పీహెచ్‌డీ చేసే ముందు ఈ సంగతి తెలిసి ఉంటే మంచిది.

1940లో ఇటలీలో జరిగిన మిల్లే మిల్యా రేసుకు బీఎండబ్ల్యూ 328 కార్లు వెళ్లాయి. వాటిలో ఒకదానికి కామ్ పద్ధతి బాడీ ఉంది. గెలిచింది కూడా 328నే, కానీ ఆ బాడీ ఉన్నది కాదు. మిలాన్‌లోని టూరింగ్ కంపెనీ బాడీ కట్టిన కారు గెలిచింది. కామ్ బాడీ కారు రేసు పూర్తి చేయనేలేదు. ఆలోచన మాత్రం చావలేదు. 1960లలో ఫెరారీ 250 జీటీఓ, అమెరికాలో షెల్బీ డేటోనా కూపే కోసిన తోకతోనే వచ్చాయి. ఇవాళ టొయోటా ప్రియస్ వెనకవైపు చూసినా అదే.

ఇక ఎవరూ పెద్దగా చెప్పని సంగతి. ఆ సంస్థ పెరిగిన కాలం హిట్లర్ కాలం. యుద్ధం వచ్చేసరికి అక్కడి పనిలో పెద్ద వాటా సైన్యానిది, విమానం ఇంజన్లది. యుద్ధం ముగిశాక కామ్‌ను కూడా అమెరికా తన దేశానికి తీసుకుపోయింది, అనేకమంది జర్మన్ ఇంజనీర్లను తీసుకుపోయినట్టే. ఒహాయోలోని డేటన్‌లో వైమానిక దళ కేంద్రంలో పనిచేశారు. తర్వాత న్యూజెర్సీలోని స్టీవెన్స్ సంస్థలో బోధించారు. 1955లో వెనక్కి వచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో బాటెల్ పరిశోధన సంస్థలో చేరారు. 1966లో స్టుట్‌గార్ట్‌లోనే కన్నుమూశారు. ఆ కాలాన్ని మనం ఇక్కడ కూర్చుని తూకం వేయలేం. కానీ వాహన పరిశోధన బాగా ఖర్చుతో కూడిన పని, డబ్బిచ్చేవాడు ఎప్పుడూ ఉంటాడు. అప్పుడు సైన్యం, ఇప్పుడు ఎక్కువగా కార్ల కంపెనీలూ ప్రభుత్వమూ. మీవాడు రేపు ఏ ప్రయోగశాలలో చేరినా "ఈ ప్రాజెక్టుకు డబ్బెవరిది?" అని మొదటిరోజే అడగాలి. అక్కడ అది అమర్యాద కాదు.

కామ్ తోవ పాతకాలం ముచ్చట అనుకోకండి. జర్మనీలో వాహన పీఠాలకు ఇప్పటికీ మనుషులు కంపెనీల నుంచే ఎక్కువగా వస్తారు. డార్మ్‌స్టాట్‌లో ప్రొఫెసర్‌గా చేసిన హెర్మన్ విన్నర్ చదివింది భౌతికశాస్త్రం. బాష్ కంపెనీలో ముందున్న బండిని చూసి వేగం సర్దుకునే క్రూజ్ కంట్రోల్ మీద ఏళ్ల తరబడి పనిచేసి, 2002లో పీఠానికి వచ్చారు. ఆఖెన్‌లో వాహన సంస్థను 2010 నుంచి నడుపుతున్న లుట్జ్ ఎక్‌స్టైన్ అంతకు ముందు డైమ్లర్‌లో, బీఎండబ్ల్యూలో ఉన్నారు. ఎదురు తోవలో వెళ్లినవారూ ఉన్నారు. వియన్నాలో పుట్టిన ఎర్న్‌స్ట్ ఫియాలా బెర్లిన్‌లో ప్రొఫెసర్‌గా ఉండి, ఫోక్స్‌వాగన్‌కు వెళ్లి, మొదటి గోల్ఫ్ కారు బయటికొచ్చిన రోజుల్లో అక్కడ పరిశోధన, అభివృద్ధి విభాగానికి పెద్దగా ఉన్నారు.

అక్కడ రెండు రకాల కాలేజీలున్నాయి. ఒకటి విశ్వవిద్యాలయాలు, రెండోది చేతిపనికి దగ్గరగా ఉండే అనువర్తిత శాస్త్రాల విద్యాలయాలు. ఈ రెండో రకంలో ప్రొఫెసర్ కావాలంటే డాక్టరేట్‌తో పాటు సాధారణంగా ఐదేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, అందులో కనీసం మూడేళ్లు విద్యాలయం బయట. ఇది చట్టంలో రాసుకున్న షరతు. విశ్వవిద్యాలయాల్లో ఇంత సూటిగా రాసి ఉండకపోవచ్చు గానీ, ఇంజనీరింగ్ పీఠానికి ఎంపిక సంఘం వెతికేది ఆ మనిషినే. మన దగ్గరలాగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి, సర్వీసు లెక్కన పైకెక్కే నిచ్చెన అక్కడ సాధారణంగా ఉండదు. పీఠం ఖాళీ అయితే ప్రకటన ఇస్తారు, బయటి నుంచి పిలుస్తారు.

పీహెచ్‌డీ గురించి కూడా మీవాడికి కొంత గందరగోళం ఉంది. జర్మనీలో ఇంజనీరింగ్ డాక్టరేట్ చాలావరకు ఉద్యోగం. ప్రొఫెసర్ దగ్గర పరిశోధన ఉద్యోగిగా చేరి జీతం తీసుకుంటూ, ప్రాజెక్టులు చేస్తూ, విద్యార్థులకు ల్యాబ్ చెబుతూ, నాలుగైదేళ్లకు థీసిస్ ముగిస్తారు. దానికి మీరు అప్పు చేయనక్కర్లేదు. కానీ ఆ ఉద్యోగం దొరకాలి. దొరికేది ఎక్కువగా అదే సంస్థలో మాస్టర్స్ చదువుతున్నప్పుడు గంటల లెక్కన పనిచేసినవారికి. ఈ విద్యార్థి సహాయకులను అక్కడ 'హివి' అంటారు. టెస్ట్ రిగ్ దగ్గర సెన్సార్లు అతికించడం, రికార్డయిన లెక్కలు శుభ్రం చేయడం లాంటి పనులు. ఇక్కడ గ్యారేజీలో పెరిగిన కుర్రవాడికి ఒక మేలుంది, సిగ్గుపడి ఆ సంగతి దాచుకోకపోతే.

ఇక డబ్బు. మీ అబ్బాయి ఇరవై లక్షలని ఎలా లెక్కవేశాడో రాయలేదు. నాకు తెలిసిన లెక్క ఇది. వీసాకు ముందు జర్మన్ బ్యాంకు ఖాతాలో ఒక ఏడాది ఖర్చు చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, మన డబ్బులో పదకొండు, పన్నెండు లక్షలు. అది ఫీజు కాదు, అక్కడికెళ్లాక నెలకు 992 చొప్పున మీవాడికే తిరిగి వస్తుంది. జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదువు ఫీజు లేదు. కానీ స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వూర్టెంబెర్గ్‌లో 2017 నుంచి మనలాంటి బయటి దేశాలవారికి సెమిస్టర్‌కు 1,500 యూరోలు పెట్టారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 చలికాలం సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు నాలుగు నుంచి ఆరు వేల యూరోలు తీసుకుంటోంది. ఆఖెన్, బ్రౌన్‌ష్వైగ్, డ్రెస్డెన్ కూడా వాహన ఇంజనీరింగ్‌కు పేరున్నవే, అవీ చూడమనండి. ఏజెంటు ఎవరైనా మీకు తెలియని ప్రైవేటు విశ్వవిద్యాలయంలో 'సీటు ఖాయం' అంటే లేచి వచ్చేయండి. మనవాళ్ల మార్కులను పరిశీలించే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. దానికి నెలలు పట్టవచ్చు.

ఒక హెచ్చరిక. జర్మన్ కార్ల పరిశ్రమ ఇప్పుడు కష్టంలో ఉంది. 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించుకోవడానికి ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబరులో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. గేర్‌బాక్సులకు పేరున్న జెడ్‌ఎఫ్ 2028 చివరికి 14,000 దాకా తగ్గిస్తానంది. కాబట్టి రెండేళ్ల చదువు ముగియగానే అక్కడ ఉద్యోగం వచ్చి అప్పు తీరిపోతుందని నేను మీకు మాటివ్వను. ఎవరు ఇచ్చినా నమ్మకండి.

మీ బంధువుల మాటకొస్తే, సగం నిజం. మెకానికల్‌కు కాలం చెల్లలేదు, ప్రోగ్రాం రాయడం రాని మెకానికల్‌కు చెల్లింది. కామ్ వలయాన్ని సెకనుకు వందసార్లు లెక్కకట్టేది సాఫ్ట్‌వేరే. మీవాడు పైథాన్, మ్యాట్‌ల్యాబ్ నేర్చుకోవాలి, కంట్రోల్ సిస్టమ్స్ పాఠం గట్టిగా పట్టుకోవాలి. మీరు ఉత్తరంతో పంపిన అతని మార్కుల జాబితా చూశాను, ఆ పాఠంలోనే తక్కువ వచ్చాయి. దాన్ని సరిచేయకుండా జర్మనీ మాట అనవసరం.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. బీటెక్ కాగానే పంపకండి. రెండు, మూడేళ్లు ఇక్కడ పనిచేయనివ్వండి. జెడ్‌ఎఫ్‌కు హైదరాబాద్‌లో సాంకేతిక కేంద్రం ఉంది. మీ పక్కనే పెనుకొండలో కియా కర్మాగారం ఉంది. పుణెలో వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ ఉంది. లేదా గేట్ రాసి ఐఐటీలో ఎంటెక్ చేయవచ్చు, నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. ఐఐటీ మద్రాసు 1959లో పుట్టిందే పశ్చిమ జర్మనీ సాయంతో. ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని బళ్లకు పరీక్షా మైదానమే ఉంది. ఈ లోగా జర్మన్ భాష బీ2 స్థాయి దాకా, అంటే తడబడకుండా మాట్లాడేంత, నేర్చుకోవాలి, హైదరాబాద్‌లో గోథె కేంద్రం ఉంది. ఇంగ్లీషు కోర్సు మాస్టర్స్ దాకా లాక్కొస్తుంది. వర్క్‌షాపులో ఫోర్‌మన్‌తో మాట్లాడాలన్నా, రేపు బల్ల ముందు నిలబడి పాఠం చెప్పాలన్నా జర్మన్ తప్పదు.

చాలా ఏళ్ల కిందట ఇంజన్లంటే ప్రాణం పెట్టే ఒక కుర్రవాడిని నేనే వరసగా ఎంటెక్, పీహెచ్‌డీ చేయమని ప్రోత్సహించాను. డాక్టరేట్ వచ్చింది. ఒక ఇంటర్వ్యూలో "మీరు గీసిన డ్రాయింగు ప్రకారం ఎప్పుడైనా ఒక భాగం తయారైందా?" అని అడిగారట. లేదు. అతను నన్ను ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ ప్రశ్న గుర్తుండిపోయింది.

అప్పు గురించి నిర్ణయించే ముందు మీవాడికి ఒక పని చెప్పండి. మీ ఇంటి మోటారు సైకిల్‌కు ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మీటరు అంకె రాసుకోవాలి. మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు నడిచిందో రాసుకోవాలి. ప్రతిసారీ టైర్లలో గాలి ఎంతుందో, వెనక ఎవరు కూర్చున్నారో, హైవే మీదా ఊళ్లోనా, అదీ రాయాలి. డిపోలో మీరు బస్సు బస్సుకూ డ్రైవర్ డ్రైవర్‌కూ కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) చూసినట్టే. మూడు నెలలు రాశాక, గాలి తగ్గితే మైలేజీ ఎంత పడిందో, వేగం పెరిగితే ఎంత పడిందో విడదీసి చెప్పగలగాలి. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలని పుస్తకంలో ఉంటుంది. అతని నోటుపుస్తకంలో అది ఎంతవరకు కనబడింది, కనబడకపోతే ఎందుకు కనబడలేదు, రెండు పేజీలు రాయమనండి. మూడో వారానికే విసుగొచ్చి మానేస్తే, మానేశాడని దాచకుండా రాయమనండి.

ఆ పుస్తకం, కంట్రోల్ సిస్టమ్స్‌లో కొత్త మార్కులు, రెండూ నాకు పంపండి. అప్పటిదాకా బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టకండి.